పడవలవాళ్ళ వీధి, 1931–2050

పొద్దున్నే మా అమ్మ పొయ్యి మీద గోధుమలు ఉడకేసింది.

ఇంట్లో ఎవరూ పోలేదు. పక్కింట్లోనూ పోలేదు. మా వైపు గోధుమలు ఇలా మెత్తగా ఉడకబెట్టి, పంచదార, అక్రోటు పలుకులు కలిపి పంచిపెట్టేది పోయినవాళ్ళ పేరు మీదే. మంచం దిగి వంటింట్లోకి వస్తుంటే ఆ వాసన తగిలింది.

“ఎవరమ్మా?” అన్నాను గుమ్మంలోనే ఆగిపోయి.

అమ్మ గరిటె తిప్పుతూనే ఉంది.

బల్ల దగ్గర నా మరదలు రలిత్సా కూర్చుని ఉంది. ఆఫీసు బట్టలు వేసుకుంది గానీ జుట్టు దువ్వుకోలేదు. ఎదురుగా కాఫీ చల్లారిపోయింది. అత్తాకోడళ్ళ మధ్య మాటల్లేక వారం దాటింది. ఉప్పు కావాలన్నా అమ్మ నాతో చెప్పిస్తోంది, “నెవెనా, ఆవిణ్ణి ఉప్పు ఇటివ్వమను” అని. ఆ ఆవిడ మోచెయ్యి అమ్మ మోచేతికి తగులుతూనే ఉంటుంది.

“నేనూ అదే అడిగాను వదినా. చెప్పడం లేదు,” అంది రలిత్సా.

“నెవెనా, ఆవిడకి చెప్పు,” అంది అమ్మ పొయ్యి వైపే తిరిగి. “ఆవిడ ఎవర్ని చంపిందో వాళ్ళకే వండుతున్నానని చెప్పు. మన వీధికి.”

“అత్తయ్యా!”

“ఫొటో వేశారు. పేరు వేశారు. పుట్టిన సంవత్సరం వేశారు, పోయే సంవత్సరమూ వేశారు. చుట్టూ నల్ల అంచు కట్టారు. తలుపు తలుపుకీ అంటించారు. ఇంక గోధుమలే తక్కువ. అవి నేను వండుతున్నా. నా వీధిని దిక్కులేని చావు చావనిస్తానా?”

నాకు నవ్వు తన్నుకొచ్చింది. నవ్వితే గరిటె నా వీపు మీద విరుగుతుంది గనుక దగ్గినట్టు నటించాను.

అమ్మ అన్నదాంట్లో అబద్ధం లేదు, అదే వచ్చిన చిక్కు. మా ఊళ్ళో ఎవరైనా పోతే నల్ల అంచు కాగితం మీద ఫొటో, పేరు, పుట్టిన ఏడు, ఒక అడ్డగీత, పోయిన ఏడు అచ్చువేసి గేటుకీ, దీపస్తంభానికీ, రొట్టెల కొట్టు అద్దానికీ అంటిస్తాం. నలభయ్యో రోజున మళ్ళీ, ఏడాదికి మళ్ళీ. ఏ గోడ చూసినా పోయినవాళ్ళు మన వంక చూస్తూనే ఉంటారు. నా తమ్ముడు ల్యూబెన్‌కి చిన్న అచ్చుకొట్టు ఉంది. వాడు తినే తిండి చాలామట్టుకు ఆ కాగితాలదే.

రలిత్సా మునిసిపాలిటీలో పనిచేస్తుంది. ఊరు 2050 నాటికి ఎలా ఉండాలో ఇప్పుడే ప్రణాళిక గీస్తున్నారు కదా, ఒక్కొక్క వీధి జనాన్నీ పిలిచి, వాళ్ళకి ఏం కావాలో వాళ్ళ నోటితోనే చెప్పించడం ఆమె పని. మొగుడు ల్యూబెన్‌కి చెప్పింది, “మన వీధి పాత ఫొటో ఒకటి పెట్టు, పేరు పెట్టు, వీధి కట్టిన ఏడు, ప్రణాళిక ఏడు పెట్టు, కింద బుధవారం సాయంత్రం పఠనమందిరానికి అందరూ రండని రాయి” అని. తను రాజధాని సోఫియాకి వెళ్ళింది. ఈ మహానుభావుడు చేతికి అలవాటైన చట్రంలో అన్నీ పొందిగ్గా అమర్చాడు. ఆమె తిరిగొచ్చేసరికి డాన్యూబు ఒడ్డునుంచి కొండ మీద దాకా అంటించేశారు. పడవలవాళ్ళ వీధి, 1931–2050. చూసినవాళ్ళు శిలువ గుర్తు వేసుకుని, టోపీ తీసి, పక్కనుంచి వెళ్ళిపోతున్నారు.

అప్పుడే ల్యూబెన్ వంటింట్లోకి వచ్చాడు. గిన్నెలోకి తొంగిచూశాడు. వాడి ముఖం పాలిపోయింది.

“అమ్మా, ఇంక ఆపు. తప్పు రలిత్సాది కాదు. ఆ కాగితం నేనే వేశాను. అంచు సంగతి చూసుకోలేదు.”

“తెలుసు,” అంది అమ్మ.

“తెలుసా?”

“మీ నాన్నకి వేసిన అంచు నేను గుర్తుపట్టనట్రా? మూలల్లో ద్రాక్షాకు. మన గేటు మీద వాన పడి అది కారిపోయేదాకా రోజూ చూశాను.”

ల్యూబెన్ తల దించుకున్నాడు. నాన్న కాగితం వేసిన రోజు వాడు కొట్టు తలుపులు మూసుకుని సాయంత్రం దాకా బయటికి రాలేదు.

“అంచు నువ్వు వేశావు,” అంది అమ్మ గరిటె పక్కన పెట్టి. “సంవత్సరం ఎవరు వేశారు?”

“నేనే అత్తయ్యా,” అంది రలిత్సా. “కానీ అది ప్రణాళిక గడువు. వీధి పోయే ఏడు కాదు.”

అమ్మ మొదటిసారి ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“నెవెనా, ఆవిడకి చెప్పు. నేను పింఛను పని మీద వాళ్ళ ఆఫీసుకి వెళ్ళానని చెప్పు. గోడ మీద పెద్ద బొమ్మ తగిలించారు. రేవు దాకా ఇంత వెడల్పున రోడ్డు, లారీలకట. మన వీధి ఎక్కడుందా అని వేలు పెట్టి వెతికాను. చర్చి ఉంది. బడి ఉంది. మన వీధి లేదు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ వెతికాను. లేదు.”

ఈ మాట అమ్మ ఇప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. మేమంతా ఆ కాగితం చూసి అలిగిందనుకున్నాం. ఆ బొమ్మ ముందు ఒక్కతే నిలబడి, వేలు పెట్టి ఇల్లు వెతుక్కుందని ఎవరికి తెలుసు?

రలిత్సా లేచింది. అమ్మ దగ్గరికి రెండడుగులు వేసి ఆగింది.

“అది సోఫియావాళ్ళు గీసిన మొదటి బొమ్మ అత్తయ్యా. దాన్ని మార్పించడానికే ఈ సభలు. జనం వచ్చి మాకిది వద్దు, ఇది కావాలి అని చెబితే మార్చి తీరాలి. ఎవరూ రాకపోతే అదే ఖాయం చేస్తారు. పోయినసారి మన వీధినుంచి ఎవరొచ్చారు? నేను, వదిన, కాఫీ కోసం పెన్చో మామ. ‘ఈ వీధివాళ్ళకి అభ్యంతరం లేదు’ అని రాసుకుని వెళ్ళిపోయారు. ఇవాళ్టిది ఆఖరి సభ. ఇవాళ కూడా ఎవరూ రాకపోతే నేను చెయ్యగలిగింది ఏమీ ఉండదు.”

“వస్తారు,” అంది అమ్మ.

“ఎవరు?”

“అందరూ. ఇంటింటికీ వెళ్ళి చెప్పొచ్చాను.”

రలిత్సా ముఖం ఒక్కసారిగా వెలిగింది. “సభకి రమ్మన్నారా అత్తయ్యా?”

“సభ ఎవరిక్కావాలి? సంతాపానికి రమ్మన్నాను. మీ సభకి రానివాళ్ళుంటారు గానీ చావుకి రానివాళ్ళుంటారా?”

ఆ వెలుగు అలాగే ఆరిపోయింది. అమ్మ మళ్ళీ పొయ్యి వైపు తిరిగింది. ల్యూబెన్ టోపీ పట్టుకుని జారుకున్నాడు, వాడికి చేతనైన పని అదొక్కటే.

“నెవెనా,” అంది అమ్మ చివరికి, చాలా మెల్లగా. “ఆవిణ్ణి ఏదన్నా తిని పొమ్మను. రొట్టె మీద వెన్న రాసి పెట్టాను.”

*

మధ్యాహ్నం నా మంగలిషాపు తలుపు వేసేసి రలిత్సాని కుర్చీలో కూర్చోబెట్టాను. ఆడవాళ్ళ జుట్టు కత్తిరించే కొట్టుకి మంగలిషాపు అనే పేరు ల్యూబెన్ పెట్టాడు, నన్ను ఉడికించడానికి. అదే స్థిరపడిపోయింది.

“ఈ తలతో వెళ్తావా ఆ పెద్దమనుషుల ముందుకి? ఉండు, కదలకు.”

“వదినా, వీళ్ళు ఏడవడానికి వస్తే ఆ సోఫియా ఆర్కిటెక్టు ఏం రాసుకుంటాడు? వీధివాళ్ళు ఒప్పేసుకున్నారు, కర్మకాండ కూడా చేసేశారు అని రాసుకుంటాడు.”

“రాసుకోనీ. నేను వాడి గడ్డం పీకుతాను.”

“అయ్యో, ఆయన మంచివాడే వదినా.”

“అదే నా బాధ. చెడ్డవాడైతే పని తేలిక.”

అద్దంలో నా వంక చూసి నవ్వింది. వెంటనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దువ్వెన ఆపాను.

“మా అమ్మమ్మ ఊరు జలాశయం కింద ఉంది,” అంది. “చెప్పాను కదా నీకు. నీళ్ళు తగ్గిన ఏడు చర్చి గోపురం కనిపిస్తుంది. ఒకసారి అడిగాను, అమ్మమ్మా, ఆ రోజుల్లో మీ దగ్గరికి ఎవరైనా వచ్చి మీకేం కావాలని అడిగి ఉంటే ఏం చెప్పేదానివి అని. చాలాసేపు ఆలోచించింది. ‘ఎవరూ అడగలేదు కదే, అందుకే నేనూ అనుకోలేదు’ అంది. వదినా, ఇక్కడ అడుగుతున్నారు. నేనే అడుగుతున్నాను. అడిగినా ఎవరూ చెప్పకపోతే ఎలా?”

జవాబు తెలియనప్పుడు నేను జుట్టు దువ్వుతాను. పిన్నులు పెట్టి, మెడ మీద పడ్డ వెంట్రుకలు దులిపి, నుదుటి మీద ముద్దు పెట్టుకున్నాను. మా ఇంటికి కోడలిగా వచ్చిన ఇన్నాళ్ళలో ఆ పిల్లని నేను ముద్దు పెట్టుకోవడం అదే మొదలు. సిగ్గేసి, “ఇంక లే, కుర్చీ అరిగిపోతుంది” అని కసిరాను.

*

సాయంత్రం పఠనమందిరం తలుపు తీసి రలిత్సా అక్కడే నిలబడిపోయింది.

కుర్చీలు చాల్లేదు. గోడల పొడుగునా జనం. పోయినసారి ఈ హాల్లో మా దగ్గుకి ప్రతిధ్వని వచ్చింది. ఇవాళ కాలు పెట్టడానికి చోటు లేదు. అందరూ నల్లబట్టల్లో ఉన్నారు. చేతుల్లో పూలు, అన్నీ రెండేసి, నాలుగేసి. బతికున్నవాళ్ళకి బేసి సంఖ్యలో ఇస్తాం, పోయినవాళ్ళకి సరి సంఖ్యలో. ముందు వరుస ఎదురుగా ఆ ప్రణాళిక బొమ్మని ఒక స్టాండు మీద నిలబెట్టారు. దాని పాదాల దగ్గర పూలు గుట్టగా పేరుకున్నాయి.

సోఫియా ఆర్కిటెక్టు దామ్యనోవ్ గారు ఆ పూలు చూసి గబుక్కున లేచి నిలబడ్డారు. నెరిసిన గడ్డం, నలిగిన కోటు. నా పక్కకి వంగి గొంతు తగ్గించి అడిగారు:

“ఎవరైనా పోయారాండీ?”

“మా వీధండీ.”

“ఆఁ?”

“మీరే చంపారు. కూర్చోండి.”

ఆయన కూర్చున్నారు. కాసేపటికి తేరుకుని మొదలుపెట్టారు, ఇరవై అయిదేళ్ళ తర్వాత మీ వీధి ఎలా ఉండాలని మీ కోరిక అని. ఒక్కరూ తల ఎత్తలేదు. శవం దగ్గర కూర్చుని రేపటి సంగతి ఎవరు మాట్లాడతారు? అమ్మ మూడో వరుసలో, ఒళ్ళో గిన్నె పెట్టుకుని, పెదవులు బిగించి కూర్చుంది.

అప్పుడు పెన్చో మామ లేచాడు. జన్మంతా నది మీద పడవ ఇంజన్లు నడిపినవాడు, ఎప్పుడూ అరిచినట్టే మాట్లాడతాడు. ఇవాళ మాత్రం టోపీ చేత్తో పట్టుకుని మెల్లగా అన్నాడు.

“మంచి వీధి. దాన్ని ఒక్కమాట అనడానికి లేదు. ఎండాకాలం నదిగాలి కిందినుంచి పైదాకా ఎక్కి వచ్చేది. మా ఆవిడ గుమ్మంలో కుర్చీ వేసుకుని చిక్కుళ్ళు ఒలిచేది. మన వీధికి మలుపు ఉండేది కదా, అది తిరిగేదాకా ఇల్లు కనపడేది కాదు. తిరగ్గానే ఆవిడ కనిపించేది. రోజూ చూసేదే. అయినా ఆ మలుపు తిరిగేటప్పుడు... బాగుండేది.”

“దేవుడు క్షమించుగాక,” అన్నారు అందరూ. పోయినవాళ్ళ గురించి మంచి చెప్పినప్పుడు మేము అనే మాట అది.

చూపు సరిగ్గా ఆనని త్సోనా పిన్ని కుర్చీలోంచే చెప్పింది. “ఇరుకు వీధి అని అందరూ తిట్టేవాళ్ళు. నాకదే మేలు. ఒక చెయ్యి ఈ గోడకి, కర్ర ఆ గోడకి. రొట్టెల కొట్టుకి ఎవర్నీ బతిమాలకుండా వెళ్ళొచ్చేదాన్ని. కొడుకు ఇంటికి వెళ్తే వాళ్ళ వీధి ఇంత వెడల్పు, గుమ్మం దిగితే పట్టుకోవడానికి గాలి తప్ప ఏమీ లేదు.”

“దేవుడు క్షమించుగాక.”

రొట్టెల కొట్టు మిత్కో మొహం తుడుచుకుంటూ లేచాడు. “నా పెళ్ళాం అలిగితే ఎదురింటికి పోయేది. అక్కడ కిటికీ దగ్గర కూర్చుని నా మొహం చూస్తూ అలిగేది. మన కిటికీలు అంత దగ్గర కదా. మొహాలు చూసుకుంటూ ఎంతసేపు అలుగుతారు? అన్నం వేళకి వచ్చేసేది. దూరంగా ఉంటే పుట్టింటికి పోయేదండీ!”

హాలంతా ఘొల్లున నవ్వింది. మిత్కో పెళ్ళాం వాడి చొక్కా పట్టి కూర్చోబెట్టింది. మళ్ళీ అందరూ ముక్కులు ఎగబీల్చారు. ఏడవకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చిన నేను కూడా ఏడ్చేశాను, కళ్ళ కాటుక చెంపలకి దిగింది.

ఏం కావాలి అని అడిగినప్పుడు భుజాలెగరేసి ఊరుకున్న జనం వీళ్ళే. ఏం పోయింది అనేసరికి ఒకరి తర్వాత ఒకరు లేస్తున్నారు. రలిత్సా వంచిన తల ఎత్తకుండా రాస్తోంది. దామ్యనోవ్ గారు ఒక్కో మాటకీ బొమ్మ వంక చూసి, ఆ చోటు దొరక్క, గడ్డం గోక్కుంటున్నారు.

మాటలు అయ్యాక అమ్మ లేచింది. కాగితపు కప్పుల్లో గోధుమలు వేసి వరుసగా పంచింది. తీసుకున్నవాళ్ళు కళ్ళు మూసుకుని, దేవుడు క్షమించుగాక అని నోట్లో వేసుకున్నారు. దామ్యనోవ్ గారి ముందుకి కప్పు వచ్చింది. చిన్నప్పటినుంచి వచ్చిన అలవాటు ఎక్కడికి పోతుంది? ఆయనా అందుకుని, “దేవుడు క్షమించుగాక” అని నోట్లో వేసుకున్నారు. వేసుకున్నాక ఆయనకే తెలిసొచ్చింది. నమలడం ఆపేశారు.

తర్వాత రలిత్సా. అమ్మ కప్పు చాపింది.

రలిత్సా తీసుకోలేదు.

ఆ కప్పు కాదనడమంటే మనిషిని చెంపమీద కొట్టినట్టే. అమ్మ కప్పు వెనక్కి తీసుకోలేదు.

“నలుగురిలో నా చెయ్యి కాదంటావా?” అంది. ఈసారి నాతో చెప్పించలేదు, కోడలితోనే అంది.

“మీ చెయ్యి కాదు అత్తయ్యా. ఇది తింటే వీధి పోయిందని ఒప్పుకున్నట్టు. బతికున్నదాని పేరు మీద నేను తినను.”

“బొమ్మలో లేదు కదే!”

“బొమ్మలో లేదు. బయట ఉంది కదా అత్తయ్యా.”

రలిత్సా జనం వైపు తిరిగింది.

“మీరు చెప్పిందంతా రాశాను. ఒక్కటీ పనికిరాదు. అన్నీ ‘ఉండేది’, ‘వచ్చేది’, ‘వెళ్ళొచ్చేదాన్ని’. పోయినదానికి ఎవరూ ఏమీ చెయ్యలేరు. మీకు దణ్ణం పెడతాను, మళ్ళీ చెప్పండి. ‘ఉంది’ అని చెప్పండి. ‘ఉండాలి’ అని చెప్పండి. దామ్యనోవ్ గారు వింటారు.”

అందరూ చేతుల్లోని కప్పుల్లోకి చూసుకున్నారు.

పెన్చో మామ కుర్చీ కిర్రుమంది.

“మా ఆవిడ పోయిందమ్మాయ్,” అన్నాడు. “ఆవిడ గురించి ‘ఉంది’ అనలేను.” కాసేపు టోపీ తిప్పాడు. “మలుపు ఉంది. మలుపు ఉండాలి.”

“గోడలు దగ్గరగా ఉండాలి,” అంది త్సోనా పిన్ని.

“కిటికీలు ఎదురెదురుగా ఉండాలండీ,” అన్నాడు మిత్కో. “మా సంసారం కోసం!”

దామ్యనోవ్ గారు కప్పుని బల్లకింద దాచేసి, పెన్సిలు తీసుకుని బొమ్మ దగ్గరికి వెళ్ళారు. “మలుపు ఎక్కడండీ?” అని అడిగారు. పెన్చో మామ వెళ్ళి వేలు పెట్టి చూపించాడు. వెనక ఇంకో పదిమంది వెళ్ళారు. పూలు కాళ్ళకి అడ్డమైతే ఎవరో తీసి పక్కన పెట్టారు. అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. రలిత్సా మాత్రం కదలకుండా నిలబడి చూస్తోంది, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని. ఆ పిల్ల ఆనందం చూస్తే నాకు కడుపు నిండిపోయింది.

పెన్సిలు గీతల్లో మా వీధి వంకరటింకరగా తేలింది. దామ్యనోవ్ గారు చెయ్యి దులుపుకుని ఇటు తిరిగారు.

“గీశాను. కానీ పెన్సిలు గీత ఇది, నేను వెళ్ళాక ఇంకొకరు చెరిపెయ్యొచ్చు. ప్రతి వీధినుంచీ ఒక మనిషి పౌరమండలిలో కూర్చోవాలి. బొమ్మ మారిన ప్రతిసారీ వాళ్ళ సంతకం కావాలి. ఆ మనిషి పేరు ఇవాళే రాసుకోవాలి.”

“ఎన్నాళ్ళు కూర్చోవాలి?” అన్నాడు మిత్కో.

“2050 దాకా.”

“నేను వచ్చే చలికాలం దాకా కూర్చుంటే గొప్ప,” అన్నాడు పెన్చో మామ. నవ్వారు. నవ్వు అయిపోయింది. ఎవరూ చెయ్యెత్తలేదు. వయసులో ఉన్నవాళ్ళు బూట్లకేసి చూసుకుంటున్నారు. ఒకడికి జర్మనీలో పనట, ఒకడికి పిల్లల బడట.

అమ్మ గిన్నె కుర్చీ మీద పెట్టింది.

“చదువు కావాలా బాబూ?”

“అక్కర్లేదమ్మా.”

“వయసు?”

“అడ్డం కాదు.”

“మధ్యలో పోతే?”

“అప్పుడు ఇంకొకర్ని ఎన్నుకుంటారు.”

“అయితే రాసుకో. నా పేరు స్తమెనా. పోయినప్పుడు చూసుకుందాం.”

చేతులు ఒక్కసారిగా లేచాయి. వెనకనుంచి ల్యూబెన్ రెండు చేతులూ ఎత్తాడు, నేను లాగి ఒకటి దింపాను. అమ్మ కోడలి వంక చూసింది. కోపంగా చూడబోయింది గానీ కుదరలేదు, పెదవి చివర నవ్వు వచ్చేసింది.

“ఇంటిపేరు?” అన్నారు దామ్యనోవ్ గారు రాస్తూ.

“గెమిజియేవా.”

ఆయన కలం ఆగింది. తల ఎత్తి రలిత్సా గుండె మీది ఆఫీసు బిళ్ళ చూశారు. దాని మీదా అదే ఇంటిపేరు.

“రలిత్సా గారూ, ఈవిడ మీకేమవుతారు?”

ఏమీ కారని చెప్పవే, అనుకున్నాను. పెన్చో మామ కూడా అందుకున్నాడు, “ఆ ఇంటిపేరు ఊళ్ళో సగంమందికి...” అని. రలిత్సా అతన్ని మాట పూర్తి చెయ్యనివ్వలేదు.

“మా అత్తగారండీ.”

దామ్యనోవ్ గారు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. ఆయనకీ కష్టంగానే ఉంది. “నిబంధన ఒకటుంది. ప్రణాళిక ఆఫీసులో పనిచేసేవాళ్ళ ఇంట్లో మనిషి మండలిలో ఉండకూడదు. చాటుమాటు పనులు జరక్కుండా పెట్టింది. మార్చడం నా చేతిలో లేదు. ఇద్దరిలో ఒక్కరే ఉండాలి.”

“నేను తప్పుకుంటాను.”

ఇద్దరూ ఒకేసారి అన్నారు. వాళ్ళిద్దరి నోటా ఒకే మాట రావడం నేను ఎప్పుడూ వినలేదు.

“నోరుమూసుకో,” అంది అమ్మ. “ఉద్యోగం వదులుకుంటావా పిచ్చిదానా? నువ్వు లేకపోతే ఆ ఆఫీసులో మన బొమ్మ దగ్గర ఎవరు కాపలా ఉంటారు?”

“మీరు తప్పుకుంటే మండలిలో ఎవరు కూర్చుంటారు అత్తయ్యా? చూశారుగా, ఒక్కరూ లేవలేదు.”

“నాకు ఇంకెన్నాళ్ళుందనే?”

“ఎన్నాళ్ళున్నా మీరే కావాలి.”

అమ్మ రలిత్సా మణికట్టు పట్టుకుంది. పట్టుకున్న చెయ్యి వదల్లేదు. దామ్యనోవ్ గారు మెల్లగా అడిగారు, “ఎవరి పేరు కొట్టెయ్యమంటారమ్మా?”

“నన్నెందుకు అడుగుతావు బాబూ?” అంది అమ్మ. “నేను ఈ వీధికి పెళ్ళై వచ్చినదాన్ని. ఇదీ పెళ్ళై వచ్చినదే. ఇద్దరమూ బయటినుంచి వచ్చినవాళ్ళమే. ఇక్కడే పుట్టినవాళ్ళు ఇంతమంది ఉన్నారు. వాళ్ళని అడుగు.”

హాలు మీద చల్లటి నీళ్ళు చల్లినట్టయింది. అమ్మ బదులు ఇక్కడ పుట్టినవాళ్ళెవరైనా కూర్చుంటే రలిత్సా ఉద్యోగమూ పోదు, మండలిలో వీధి మాటా పోదని అందరికీ ఒక్కసారే అర్థమైంది. ఇంకొక చెయ్యి లేస్తే చాలు. నాదీ, ల్యూబెన్‌దీ చెల్లవు, మేం ఇంట్లోవాళ్ళం. మిగతా అందరివీ చెల్లుతాయి.

ముందు వరుసలో త్సోనా పిన్ని తల అటూ ఇటూ తిప్పింది.

“ఎవరన్నా చెయ్యెత్తారా?” అంది. “నాకు కనపడదు కదా. ఎవరమ్మా? చెప్పండి.”

ఒక్క చెయ్యీ లేవలేదని ఆమెకి చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు.